పదిహేను నిమిషాల బల్ల

మార్గళి, అంటే ధనుర్మాసం, వచ్చిందంటే మైలాపూరులోని ఆ సంగీత సభకు రెండు వేదికలు. ఒకటి హాల్లో, పాడేవాళ్లకు. రెండోది వెనక, ఏడాది పొడవునా తెరిచి ఉండే రేకుల షెడ్డులో, తినేవాళ్లకు. లోపల ఎవరు ఏ రాగం పాడినా దాని మంచిచెడ్డలు తేలేది అభయాంబాళ్ క్యాంటీనులోనే. ఇరవై రెండేళ్లుగా ఆ క్యాంటీను నడుపుతున్న అభయం మామికి సంగీతం గురించి రూఢిగా తెలిసిన సంగతి ఒక్కటే: గోడ మీది స్పీకరులో మృదంగం ఒంటరిగా మోగడం మొదలైతే కాఫీకి పాలు పొయ్యి మీద పెట్టాలి. ఆ తని ఆవర్తనం వాయించేటప్పుడు జనం లేచి రావడం అక్కడ తప్పు కాదు, ఆనవాయితీ.

ఆ ఏడు వాదాలు రాగాల మీద నడవలేదు. సౌరిరాజన్ మీద నడిచాయి.

సౌరిరాజన్ ముప్పై ఏళ్లుగా సాయంకాలపు కచేరీకి హాలు నింపిన గాయకుడు. సెప్టెంబరులో ఆయన పూర్వశిష్యురాలు హంసిని, ఆమెతో మరో ఇద్దరు, పాఠం పేరిట ఇంటికి పిలిచి ఆయన తమపై లైంగిక దాడి చేశాడని సంతకాలు పెట్టి పత్రికకు రాశారు. ఆయన వకీలు చేత కాదనిపించాడు. విచారణ నడుస్తోంది. సభవారు ఆయన కచేరీని 'అనారోగ్య కారణంగా' ఆపేశారు. హంసిని కచేరీని ఆపలేదు. అది ధైర్యమనుకోవడానికి ఆధారం లేదు. మధ్యాహ్నం పన్నెండు గంటల కచేరీల జాబితా మే నెలలోనే అచ్చయిపోతుంది; వాటికి వచ్చే పాతికమందిలో సగం మంది చల్లదనం కోసం వచ్చి కునుకు తీసేవాళ్లు.

"ఆయన తోడి రాగం విన్నవాడెవడైనా ఈ మాట నమ్ముతాడా?" అన్నాడు వేంకటవరదన్, దోసె ముక్కను గాల్లో ఆపి. ఆయన బీమా కంపెనీలో పెద్ద ఉద్యోగం చేసి దిగినవాడు, సౌరిరాజన్ రసిక సంఘానికి అధ్యక్షుడు.

"తోడికీ దీనికీ ఏమిటయ్యా సంబంధం?" అన్నాడు ఎదురుగా కూర్చున్న సేతు మామ. భౌతికశాస్త్రం పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి, చక్కెర రోగి. "మా మేనల్లుడు లెక్కల్లో ఊళ్లోకెల్లా మొదటివాడు. పక్కింటి మామిడికాయలు మాత్రం మిగలనిచ్చేవాడు కాదు."

"అంత గొప్ప మనిషికీ మామిడికాయలకీ పోలికా? నీ నాలుకకు చక్కెరా లేదు, రుచీ లేదు."

"పిల్ల చెప్పిందల్లా వేదమని నేననలేదు వరదా. తేలాలి అంటున్నాను. తేలకుండానే తెలిసిపోయింది నీకు."

"నాలుగేళ్లు నోరు మూసుకుని ఇప్పుడెందుకట, చెప్పు?"

"మోకాలు నొప్పని డాక్టరుకి చెప్పడానికి నీకు ఆరేళ్లు పట్టింది. అది నీ మోకాలే."

చుట్టుపక్కల బల్లల వాళ్లు నవ్వారు. అభయం మామి నవ్వలేదు. ఆమె ఈ వ్యవహారంలో ఒక పక్షం. భర్త పోయిన పదమూడో రోజున సౌరిరాజన్ పిలవకుండానే వచ్చి, చాప మీద కూర్చుని గంటసేపు పాడి వెళ్లాడు. వేదిక మీద ఉండగా కూడా, "మామి వత్తకుళంబు పులుసు వాసన వస్తోంది, మంగళం తొందరగా పాడేస్తాను" అనేవాడు. హాలంతా వెనక్కి తిరిగి నవ్వేది. అటువంటి మనిషా అని ఆమె ఒకసారి కాదు, పదిసార్లు పైకే అంది.

వరదన్ మామ చెయ్యి కడుక్కుని గల్లా దగ్గరికి వచ్చాడు.

"మామీ, రేపు మొదటి బంతి పన్నెండుంబావుకే వెయ్యాలి. నలభై ఆకులు."

"రోజూ పన్నెండున్నర కదా?"

"రేపు ఆ పిల్ల పాట ఉంది. మా సంఘం నలభైమందిమీ ముందు వరసల్లో కూర్చుంటాం. మొదట పాడే వర్ణం అవగానే ఒక్కసారిగా లేస్తాం. కేకలు వద్దు, నినాదాలు వద్దు, కుర్చీల చప్పుడు చాలు. తిన్నగా వచ్చి మీ ఆకుల ముందు కూర్చుంటాం. ఖాళీ కుర్చీలకు పాడుకుంటుంది. ఆ ఫోటో ఒక్కటి ఊరంతా తిరిగితే, ఇక ఏ సభ పిలుస్తుందో చూస్తాను."

"నిరసనకి కూడా భోజనం వేళ చూసుకునే వీరులు!" అన్నాడు సేతు మామ వెనకనుంచి.

"ఆకలికీ ధర్మానికీ వైరం లేదయ్యా."

"పాయసం ఉండాలా?" అని అడిగింది మామి.

"ఉండాలి."

సరేనని ఆమె నలభై ఆకులకు చెప్పి పంపింది.

ఆ సాయంకాలం టిఫిన్ల రద్దీ తగ్గాక హంసిని వచ్చింది. మైకులు చూసుకోవడానికి సభకు వచ్చి, తిరిగి వెళుతూ లోపలికి తొంగిచూసి, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని కాఫీ అడిగింది. పాతికేళ్లుంటాయి. కాఫీ రాగానే పొగలు పోయేదాకా కూడా ఆగకుండా తాగేసి లేచింది.

"నాలుక కాల్చుకుంటావా ఏమిటి? రేపు పాడాల్సినదానివి," అంది మామి. ఆమెకు ఈ పిల్లతో మాట్లాడాలని లేదు. వేడి కాఫీని అలా తాగడం చూసి ఊరుకోలేకపోయింది.

"బోర్డు ఉంది కదా మామీ."

కిటికీ పైన గోడకు ఎర్రరంగు అక్షరాల రేకు: పదిహేను నిమిషాలకు మించి బల్ల దగ్గర కూర్చోరాదు.

"అది కబుర్లు చెప్పుకుంటూ కూర్చునేవాళ్లకు."

హంసిని నవ్వింది. "మాకోసమే కదా పెట్టారు? నాకూ బృందకీ. మర్చిపోయారా?"

మామి మర్చిపోలేదు. ఇద్దరు పిల్లలు, ఒక్క కాఫీ, రెండు గ్లాసులు. కాసేపటికి ఒకతె నోటుపుస్తకం పట్టుకుని వెళ్లిపోయేది. రెండోది ఖాళీ గ్లాసు ముందు పెట్టుకుని గంటసేపు కదిలేది కాదు. రద్దీ వేళ జనం పళ్లేలు పట్టుకుని నిలబడి ఉంటే ఆ పిల్ల కిటికీలోంచి సందులోకి చూస్తూ ఉండేది. ఏడాదిపాటు ఓర్చుకుని, మామి రంగులవాణ్ణి పిలిపించింది.

"ఒక్కళ్లం వెళ్లకూడదని మాలో మేం పెట్టుకున్న నియమం మామీ అది," అంది హంసిని. "ఒకళ్లకి పాఠం జరుగుతుంటే రెండోవాళ్లు ఇక్కడ కాపలా. గంట దాటితే వెళ్లి బెల్లు కొట్టాలి. ఇక్కడినుంచి ఆయన గేటు కనిపిస్తుంది."

మామి వంగి చూసింది. మూడింటికి ఎండ వస్తుందన్న సంగతి తప్ప ఆ కిటికీ గురించి ఆమెకు ఇరవై రెండేళ్లలో మరేమీ తెలియదు. సందు చివర ఆకుపచ్చ గేటు స్పష్టంగా కనిపించింది.

"బోర్డు పెట్టాక ఏం చేశారు?"

"సందులో పూలమ్మే ఆవిడ గొడుగు కింద నిలబడేవాళ్లం. ఒకరోజు పెద్ద వాన వచ్చి ఆవిడ బుట్ట సర్దేసుకుంది. బృంద తడవకుండా బస్టాపులోకి వెళ్లింది. అక్కణ్ణించి గేటు కనపడదు." హంసిని గ్లాసును బల్ల మధ్యకు జరిపింది. "మిమ్మల్ని అనడంలేదు మామీ. మేం చెప్తే కదా మీకు తెలిసేది."

ఆ తరవాత ఏమైందని మామి అడగలేదు.

పిల్ల వెళ్లాక ఆమె చాలాసేపు బీన్సు తరుగుతూ కూర్చుంది. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తే తెలుస్తుందంటారు. ఆమె జీవితమంతా అలాగే చూసింది. అయితే ఆ మెతుకు ఆ గిన్నెకే సాక్ష్యం, పక్క గిన్నెకు కాదు. పదమూడో రోజున తన ఇంటి చాప మీద పాడిన మనిషి తనకు తెలిసిన గిన్నె. ఆకుపచ్చ గేటు వెనక గది వేరే గిన్నె. అందులో మెతుకు ఆమె ఎన్నడూ పట్టి చూడలేదు. చూడకుండానే పదిమందికి ఉడికిందని చెప్పింది.

తీర్పు చెప్పడం తన పని కాదని ఆమెకు తెలుసు. కాని ఒక విషయం కళ్లారా చూసింది. పత్రిక లేదు, తగవు లేదు, పేరు రావడం లేదు, చూసేవాళ్లు లేరు. అటువంటి కాలంలో ఇద్దరు పిల్లలు ఒక గేటుకు ఏడాదిపాటు కాపలా కాశారు. భయం లేనిచోట ఎవరూ కాపలా కాయరు. ఆ సాక్ష్యం అంతకాలం తన కళ్లముందే కూర్చుని ఉంటే, బల్ల ఖాళీ చెయ్యమంది.

మర్నాడు పొద్దున కొబ్బరికాయలు కొట్టే కత్తి మడమతో మేకులు పీకి రేకు దింపింది. తరవాత నలభై ఆకులకూ లోటు లేకుండా వండించింది. సాంబారు, అవియల్, బీన్సు పొరియల్, సేమియా పాయసం. పన్నెండయ్యేసరికి అన్నీ సిద్ధం. పన్నెండు కాగానే షట్టరు నడుం దాకా దించి, దాని ముందు పీట వేసుకుని కూర్చుంది.

స్పీకరులో వర్ణం వినిపించింది. అయిపోయింది. వెంటనే కుర్చీలు బరబరా జరిగాయి, ఒకటి కింద పడింది. శ్రుతి మాత్రం ఆగలేదు. పాట కొద్దిసేపు రాలేదు. ఆ కొద్దిసేపూ మామికి పొయ్యి మీద పాలు పొంగబోయే క్షణంలా ఉంది. తరవాత సన్నగా, కొంచెం వణుకుతో, పాట మళ్లీ మొదలైంది.

నలభైమంది పెరట్లోకి వచ్చి షట్టరు ముందు ఆగారు.

"ఆకులేవీ మామీ?" అన్నాడు వరదన్ మామ.

"లోపలున్నాయి."

"అన్నం కాలేదా?"

"అయింది. వేడిగా ఉంది."

"మరి?"

"మంగళం పాడాక వేస్తాను."

వరదన్ మామకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. "మీరూ ఆ పక్కకే చేరారన్నమాట! ఆయన మీ ఇంటికొచ్చి పాడింది మర్చిపోయారు."

"మర్చిపోలేదు. దానికి నేను జీవితాంతం ఋణపడే ఉంటాను మామా. ఆ ఋణం నాది. ఆ పిల్ల చేత తీర్పించడం న్యాయమా?"

"పక్క వీధి సభలో క్యాంటీను లేదనుకుంటున్నారా?"

"ఉంది, వెళ్లండి. నిన్నటి నూనెలో వడలు బాగా రంగొస్తాయి."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. సేతు మామ ముందుకు వచ్చాడు. ఆయన ఏ సంఘంలోనూ సభ్యుడు కాడు. వేళకు తినకపోతే తల తిరుగుతుంది.

"మామీ, నేను పడిపోతే ఈ ధర్మయుద్ధంలో మొదటి బలి నేనే."

ఆమె షట్టరు కిందనుంచి రెండు ఇడ్లీల పళ్లెం తీసి ఇచ్చింది. "మందుకి మినహాయింపు ఉంది. తిని హాల్లోకెళ్లి కూర్చోండి."

పెరట్లో స్కూటర్లున్నాయి కాని నీడ లేదు. పదకొండుమంది వడల వీధికి వెళ్లారు. మిగిలినవాళ్లు కాసేపు నిలబడి, వాచీలు చూసుకుని, సాంబారు వాసన పీల్చి, కూర్చోవడానికి హాలు తప్ప చోటు లేదని గ్రహించారు. ఒకరొకరుగా లోపలికి వెళ్లారు. వరదన్ మామ అందరికంటే చివర, ఎండలో పది నిమిషాలు తన పట్టుదలకు కాపలా ఉండి, వెళ్లాడు.

స్పీకరులో పాట సాగుతూ ఉంది. హంసిని బాగానే పాడింది, అద్భుతంగా పాడలేదు. ఒకచోట తాళం తడబడి సర్దుకుంది. ఆ పాటతో ఎవరి మనసూ మారలేదు, మారితే అది మరో పొరపాటయ్యేది. తోడి బాగా పాడినవాడు నిర్దోషి కానట్టే, వర్ణం బాగా పాడినంత మాత్రాన ఎవరి మాటా నిజమైపోదు. ఆ వేళ హంసినికి కావలసింది తీర్పు కాదు. తనకు దక్కిన గంటన్నరసేపు కుర్చీల్లో మనుషులుండగా పాడుకోవడం.

మృదంగం ఒంటరిగా మోగడం మొదలైంది. మామి అలవాటు కొద్దీ పాలు పొయ్యి మీద పెట్టింది. ఎవరూ రాలేదు. పాలు పొంగాయి, దించింది. అప్పుడు గుర్తొచ్చింది ఎందుకు రాలేదో. చేతులు తుడుచుకుని, ఇరవై రెండేళ్లలో మొట్టమొదటిసారి తని జరుగుతుండగా హాలు తలుపు దాకా వెళ్లి చూసింది.

అందరూ కూర్చునే ఉన్నారు. కొందరు చేతులు కట్టుకుని, కొందరు ఫోనుల్లో తల దూర్చి, ఇద్దరు కునుకు తీస్తూ. ఎవరికోసం వచ్చినా, ఎందుకు ఉండిపోయినా, ఉన్నారు. మృదంగం వాయించే కుర్రవిద్వాంసుడు తలెత్తి చూసి నమ్మలేకపోయాడు. తన తనికి జనం వీపులు చూడటమే అతనికి తెలుసు, ముఖాలు ఇదే మొదలు. ఆనందం పట్టలేక మరో అయిదు నిమిషాలు సాగదీశాడు. అతని పక్కన హంసిని తొడ మీద తాళం వేస్తూ, తలుపు దగ్గర కొంగుతో ముఖం తుడుచుకుంటున్న మామిని చూసింది.

మంగళం అయింది. షట్టరు లేచింది. ఆకులు పడ్డాయి. చివరి ఆకు ముందు వరదన్ మామ కూర్చున్నాడు.

"సాంబారు కోసం వచ్చాను. అపార్థం చేసుకోకండి."

"ఆకు ముందు కూర్చున్నాక ఎవరైనా ఒకటే మామా."

"సభ కార్యదర్శికి ఫిర్యాదు రాస్తాను."

"తప్పకుండా రాయండి. పాయసం వెయ్యనా?"

ఆయన ఆకు వైపే చూస్తూ, "కొంచెం," అన్నాడు. రెండోసారి అడిగించుకోకుండా మళ్లీ వేయించుకున్నాడు.

హంసిని, ఆమెను చూడటానికి వచ్చిన బృంద, భోజనం చేసి కిటికీ బల్ల దగ్గరికి చేరారు. మూడయింది. ఎండ వచ్చింది. నాలుగయింది. టిఫినుకి వచ్చిన పెద్దమనిషి ఒకాయన పళ్లెం పట్టుకుని నిలబడి విసుక్కున్నాడు.

"ఎంతసేపమ్మా ఇలా? ఇక్కడో బోర్డు ఉండాలే?"

"ఉండేది," అంది మామి.

గోడ మీద రేకు ఉన్నంత మేర సున్నం తెల్లగా, కొత్తగా ఉంది. ఆమె రెండు కాఫీలు తీసుకుని వెళ్లి ఇద్దరి ముందూ చెరొకటి పెట్టింది. పిల్లలిద్దరూ దేనికో పొట్టచెక్కలయ్యేలా నవ్వుకుంటున్నారు. ఇద్దరిలో ఎవరూ సందులోకి చూడటం లేదు. కిటికీకి వీపు పెట్టి కూర్చున్నారు.