యుద్ధానికి వెళ్ళిన కుర్చీ

నేను ఒక కుర్చీని. అక్రోటు చెక్కతో చేసిన పెద్ద చేతుల కుర్చీని. ఇప్పుడు నా కాళ్ళు వదులయ్యాయి, వీపున నిలువునా పగులొచ్చింది. బతుకంతా బరువులు మోయడమే నా పని. అందులో మనుషుల ఒంటి బరువు తక్కువ, వాళ్ళ మాటల బరువు ఎక్కువ.

అమెరికా దేశంలో, దక్షిణాన ఒక రాష్ట్రం. అక్కడ పత్తి తోటల యజమాని క్రాఫ్టన్ దొర గవర్నరుగా గెలిచినప్పుడు నన్ను చేయించుకున్నాడు. చేసినవాడు ఐజాక్, ఆయన తోటలో బానిస. చెక్క దొరది, ఉలి దొరది, ఐజాక్ కూడా దొరవాడే. పనితనం ఒక్కటే అతని సొంతం. నా చేతుల మీద అరచెయ్యి పెట్టి, ఎక్కడైనా గరుకుందేమోనని పసిబిడ్డ ఒళ్ళు నిమిరినట్టు నిమిరేవాడు. మరుసటి ఏడు చలిజ్వరం వచ్చి పోయాడు. భార్య సూకీ, ఆమె కడుపులో బిడ్డ మిగిలారు. ఆ బిడ్డే టెంపీ.

దొరని చెడ్డవాడని ఎవరూ అనేవారు కాదు. నా మీద కూర్చుని అందరి మొరలూ ఓపిగ్గా వినేవాడు. లేదు, కాదు అనే మాట ఆయన నోట వచ్చేది కాదు. "చూద్దాం" అనేవాడు. వచ్చినవాళ్ళు ఆ ఒక్క మాటకే మొహాలు విప్పార్చుకుని వెళ్ళేవారు. వాళ్ళు గుమ్మం దాటాక ఏం జరిగేదో నేను చూశాను. ఏమీ జరిగేది కాదు. మనుషులకి పని కావడం కన్నా అవుతుందన్న ఆశే ఎక్కువ కావాలేమో, మళ్ళీ ఆయనకే ఓటు వేశారు.

ఇంతలో యుద్ధం వచ్చింది. బానిసల్ని వదులుకోలేని దక్షిణ రాష్ట్రాలు దేశం నుంచి విడిపోతామన్నాయి, ఉత్తరాదివాళ్ళు కుదరదన్నారు. గవర్నరు పదవి అయిపోగానే దొరకి జనరల్ పదవి ఇచ్చారు. ఆయన యుద్ధం ఎరగడు. ఉపన్యాసం బాగా చెప్తాడు, అది చాలనుకున్నారు. దక్షిణాది సైన్యపు బూడిదరంగు కోటు వేసుకున్నాడు గానీ "గవర్నరు గారూ" అని పిలిపించుకోవడం మానలేదు. నన్నూ వదల్లేదు. గుడారంలో నా మీద కూర్చుంటేనే ఆలోచన సాగుతుందట. అందుకని నాకో బండి కట్టారు.

దారి పొడవునా సిపాయిలు ఎగతాళి చేసేవారు.

"జరగండ్రోయ్, గవర్నరు గారి పెద్దభార్య పల్లకీలో వస్తోంది!"

"మన కాళ్ళకి బూట్లు లేవు. దాని కాళ్ళకి చూడు, గోనెపట్టా చుట్టి మరీ తీసుకెళ్తున్నారు."

"నువ్వూ కుర్చీగా పుట్టాల్సిందిరా."

నేను ఏమనగలను? నన్ను ఇంట్లో వదిలేసి రమ్మని నేనూ చెప్పలేను కదా.

వంటకి సూకీని తీసుకొచ్చారు. ఆమె కాల్చిన మొక్కజొన్న రొట్టె లేనిదే దొరకి ముద్ద దిగదు. టెంపీకి అప్పటికింకా పాలు మాన్పించలేదు. బిడ్డని తోటలో ఒక ముసలామెకి అప్పగించి రమ్మన్నారు. సూకీ రొమ్ములకి గుడ్డ బిగించి కట్టుకుని వచ్చింది. ఆ గుడ్డ తడవడం, ఆమె చాటుకి వెళ్ళి మార్చుకు రావడం రోజూ చూసేదాన్ని. దారిలో ఏ గుడిసెలో పిల్ల ఏడ్చినా పిండి కలిపే చెయ్యి ఆగిపోయేది. "తింటోందో లేదో. తడిబట్టలోనే పడుకోబెడుతున్నారో ఏమో" అని పొయ్యితో చెప్పుకునేది. ఇంకెవరితో చెప్తుంది?

వసంతకాలంలో ఇంటినుంచి కబురొచ్చింది. ఉత్తరాది సైన్యం దగ్గరకొస్తోంది, వాళ్ళొస్తే బానిసలు చేజారిపోతారు. అందుకని దొరసాని అందర్నీ, పిల్లలతో సహా, బండ్లెక్కించి టెక్సస్ పంపించేస్తోంది. పంపమన్నది దొరే. సూకీకి ఆ సంగతి కబురు తెచ్చినవాడి నోట తెలిసింది. పొయ్యి వదిలేసి గుడారంలోకి వచ్చింది.

"దొరా, ఒక్కసారి ఇంటికి పోయొస్తాను. బండ్లు కదలకముందే నా పిల్లని తెచ్చుకుంటాను."

"ఇది పిల్లలుండే చోటటే?"

"నా కాళ్ళదగ్గర పడుంటుంది దొరా, చప్పుడు చెయ్యనివ్వను. లేదంటే నన్నూ ఆ బండ్లలోనే పంపెయ్యండి."

దొర కళ్ళలో జాలి కనిపించింది. అది నటన కాదు, నిజమైన జాలే. కాఫీ చల్లారిపోతోందని గబగబా తాగాడు.

"ఈ పోరు అయిపోనీ సూకీ. చూద్దాం."

"అప్పటికి బండ్లు వెళ్ళిపోతాయి దొరా."

"చూద్దామన్నానా లేదా?"

ఆ వారమే పోరు వచ్చింది. వంతెన కాల్చెయ్యమంటారా, ఉంచమంటారా అని ఒక కెప్టెన్ పరిగెత్తుకొచ్చి అడిగాడు. దొర అతనికీ అదే మాట చెప్పాడు. ఆయన చూసేలోపు ఆ వంతెన మీదుగానే ఉత్తరాది ఫిరంగులు వచ్చేశాయి. సైన్యం వెనక్కి పరిగెత్తింది. గాయపడ్డవాళ్ళు దారంతా పడున్నారు. ఒక సిపాయి నా బండి ఎక్కి, తిట్టుకుంటూ నన్ను గోతిలోకి తోసేసి, ఆ చోట రక్తం కారుతున్న మనుషుల్ని పడుకోబెట్టాడు. ఆ తోపులోనే నా వీపు పగిలింది. దొర గుర్రం మీద నుంచి చూసి, కళ్ళెం తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఆ గందరగోళంలో సూకీ అప్రాన్ విప్పి పారేసి, పరిగెత్తేవాళ్ళందరికీ ఎదురుగా ఇంటివైపు నడిచింది.

ఆమె వెళ్ళేసరికి బండ్లు వెళ్ళిపోయి, గుడిసెల్లో పొయ్యిలు చల్లబడిపోయాయట. ఇది నాకు చాన్నాళ్ళకి తెలిసింది.

నన్ను గోతిలోంచి తీసినవాడు సైలస్ అనే నల్లజాతి పాస్టరు. యుద్ధం ముగిసింది, దక్షిణాది ఓడింది, బానిసత్వం పోయింది. సైలసూ ఆ చుట్టుపక్కల నల్లవాళ్ళూ కలిసి చెక్కపలకలతో చర్చి కట్టుకుని నన్ను ప్రసంగపు బల్ల పక్కన వేశారు. ఆదివారం ప్రసంగం అయ్యాక పాస్టరు పత్రిక విప్పి, తప్పిపోయినవాళ్ళ ప్రకటనలు చదివేవాడు. తల్లిని వెతికే కొడుకులు, భర్తల్ని వెతికే భార్యలు. సూకీ ఆ ఊరే చేరింది. "టెంపీ, ఐజాక్ సూకీల కూతురు, ఎడమ కనుబొమ్మ మీద కాలిన మచ్చ" అని ఆమె ప్రకటనా చదివేవాడు. జవాబు రాలేదు. టెక్సస్ అంటే ఊరు కాదు కదా, సముద్రమంత నేల. అడుగుదామంటే దొరసాని పోయింది. దొర ఎక్కడున్నాడో తెలియదు.

ఆ దొరే ఒక ఆదివారం చర్చికి వచ్చాడు. ఇప్పుడు నల్లవాళ్ళకీ ఓట్లున్నాయి మరి. తన స్నేహితుడికి ఓటెయ్యమని అడగడానికి వచ్చాడు. చిక్కిపోయాడు. నన్ను చూసి, "అరె, ఇది నా కుర్చీ!" అన్నాడు. వెనక బల్లలోంచి సూకీ లేచి నిలబడింది.

"కూర్చోండి. కూర్చునే చెప్పండి. నా పిల్లని ఎక్కడికి పంపారు?"

"సూకీ! నువ్వా? పాత సంగతులే అవన్నీ. ఈ ఎన్నికలు కానీ..."

"ఎన్నికలు మీకు. నాకు ఇప్పుడే."

పాస్టరు సైలస్ మెల్లగా దగ్గాడు. "మీరు నిదానంగానే ఆలోచించుకోండయ్యా. ఓటున్నవాళ్ళమంతా ఇక్కడే ఉన్నాం. మాకు తొందరేమీ లేదు."

బల్లలన్నీ నవ్వాయి. సూకీ నవ్వలేదు. దొర నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టు నాకు తెలిసిందే.

"టెక్సస్‌లో, బ్రాజోస్ నది ఒడ్డున. మా అల్లుడు మేసన్ తోటకి."

"బతికుందా?"

"నేను అడగలేదు."

ఇన్నేళ్ళలో ఆయన నోట నేను విన్న ముక్కుసూటి జవాబు అదొక్కటే. సూకీ మిగతాది వినకుండా బయటికి నడిచింది. ఆమె వెనకే ఆడవాళ్ళంతా లేచారు. ఒకామె తన శాలువా ఇచ్చింది, ఇంకొకామె తన కాళ్ళ జోళ్ళు విప్పి ఇచ్చింది. దొర ఉపన్యాసం ఎత్తుగడ దగ్గరే ఆగిపోయింది.

మళ్ళీ పత్తి కోతలు వచ్చి వెళ్ళాక, ప్రసంగం మధ్యలో చర్చి తలుపు తెరుచుకుంది. సూకీ. ఆమె వెనక, ఒక అడుగు దూరంలో, సన్నగా పొడుగ్గా ఒక పిల్ల. మోకాళ్ళదాకా దుమ్ము, ఎడమ కనుబొమ్మ మీద మచ్చ. ఆ పిల్ల ఆమెని అమ్మా అనలేదు. "ఏమండీ, కూర్చోనా?" అని అడిగింది. బల్లలన్నీ నిండున్నాయి. పిల్ల నేరుగా వచ్చి నా మీద కూర్చుని, అటే ఒరిగి నిద్రపోయింది. ఎంత దూరం నడిచిందో, ఒళ్ళంతా ఒక్కసారిగా వదిలేసింది. సూకీ పిల్ల తల నిమరబోయి, భయపడుతుందేమోనని చెయ్యి వెనక్కి తీసుకుని, నా కాళ్ళ దగ్గర నేల మీదే కూర్చుంది.

పాస్టరు ప్రసంగం అక్కడితో ఆపి పత్రిక విప్పాడు. ఇంకా దొరకనివాళ్ళ పేర్లు చాలా ఉన్నాయి. పిల్ల లేవకుండా, చెవిలో చెప్పినట్టు, అన్నీ మెల్లగా చదివాడు.