మక్కు పెట్టిన రాకెట్

కమలాకర్ హాంబర్గ్‌లో విమానాల విడిభాగాలు కొలిచే ఉద్యోగం చేస్తాడు. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒప్పుకోడు. దోసె గుండ్రంగా రాకపోతే స్కేలు పట్టుకొస్తాడేమోనని భార్య భానుప్రియ భయం. అలాంటి మనిషికి ఆరు నెలలుగా ఒక బొమ్మ రాకెట్ మనశ్శాంతి లేకుండా చేస్తోంది.

అది యాభై ఏళ్ల నాటి కిట్. అట్టగొట్టం, బాల్సా చెక్క ముక్కు, మూడు రెక్కలు, ఒక పారాచూట్. చిన్నప్పుడు విజయవాడలో పాత పుస్తకాల బండి మీద కొన్న పత్రికలో దాని బొమ్మ చూసి మనసు పారేసుకున్నాడు. ఇన్నేళ్లకు, ఎవరో జర్మన్ పెద్దాయన అటక మీద మరిచిపోయిన పెట్టె దొరికింది. ఇప్పుడు దాన్ని ఎవరూ తయారుచేయడం లేదు, చెడితే ఇంకోటి లేదు. ఆదివారం బొమ్మ రాకెట్ల క్లబ్బు మైదానంలో ఎగరేస్తానని అందరికీ చెప్పేశాడు కూడా. కిందటిసారి అతని వేరే రాకెట్ నాలుగు మీటర్లు లేచి, పక్కకు తిరిగి, బంగాళదుంపల పొలంలో దిగబడింది. క్లబ్బులో ఒక్కరూ నవ్వలేదు. అతనికి అదే ఎక్కువ బాధ.

చిక్కు రెక్కల దగ్గర వచ్చింది. ఎంత గరుకు కాగితంతో రుద్దినా, ఎన్ని పూతలు వేసినా రంగు కిందనుంచి చెక్క చారలు కనబడుతూనే ఉన్నాయి. రెక్కలు గొట్టానికి అతికిన చోట సన్నటి సందు మిగిలిపోయింది.

ఇదంతా సోఫాలోంచి చూస్తున్నది అత్తగారు సీతారత్నం. మూడు నెలల వీసా మీద వచ్చింది. కొండపల్లి మనిషి, నలభై ఏళ్లుగా పొణికి చెక్క బొమ్మలకు రంగులు వేసిన చెయ్యి. అల్లుడి ముందు పెద్దగా మాట్లాడదు. ఒక్కసారి మాత్రం, "మక్కు పెడితే ఆ సందు పోద్దండీ," అంది. అతను లాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండానే, "సరేనండి అత్తయ్యగారూ," అన్నాడు. అతని లెక్కలో అది మర్యాద. ఆమె లెక్కలో అనుమతి.

ఆఫీసు పని మీద మూడు రోజులు మ్యూనిక్ వెళ్లి గురువారం తిరిగొచ్చేసరికి రాకెట్ తయారై ఉంది. పులుసు చింతపండులోంచి ఏరిన గింజలు వేయించి, నానబెట్టి, మిక్సీలో మెత్తగా రుబ్బి, అతను డబ్బాలోకి ఊడ్చి ఉంచిన బాల్సా పొట్టు కలిపి ఆవిడ మక్కు చేసింది. వేలితో పెట్టి, గది వెచ్చబెట్టే హైజుంగ్ పక్కన ఆరబెట్టి, నునుపు తేల్చి, రంగు వేసింది.

కమలాకర్ రాకెట్‌ని వెలుతురులోకి తిప్పి చూశాడు. గొట్టం ఎక్కడ ఆగిందో రెక్క ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. తెల్లటి ఒంటి చుట్టూ ఎర్ర పట్టీలు. టేపు అంటించలేదట, కుంచె కదలకుండా పట్టుకుని గొట్టాన్నే ఎడమచేత్తో తిప్పిందట. కొలిచి చూశాడు. పట్టీ వెడల్పు చుట్టూ ఎక్కడ చూసినా ఒకటే. ఇంత గొప్ప చేతిపని తన ఫ్యాక్టరీలో కూడా చూడలేదు.

తర్వాత త్రాసు మీద పెట్టాడు. పంతొమ్మిది గ్రాములు పెరిగింది, అంతా తోక దగ్గరే.

"ఏమైందండీ?" అంది సీతారత్నం.

"ఏం లేదండి."

"ఆ మొహం చూస్తే ఏం లేనట్టు లేదు," అంది భానుప్రియ. "అమ్మకి చెప్పండి. అర్థమవుద్ది."

ముగ్గురూ కిందికి దిగారు. పెరట్లో కమలాకర్ రాకెట్ నడుముకి దారం కట్టి తల చుట్టూ గిరగిరా తిప్పాడు. ముక్కు ముందుకు రావాలి. తోక ముందుకొచ్చింది.

"పైకెళ్లగానే తిరగబడుతుందండి," అన్నాడు. మక్కు చెక్కేస్తే పని చెడుతుంది, ఉంచితే రాకెట్ పోతుంది. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక దారాన్ని వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాడు.

సీతారత్నం రాకెట్ తీసుకుని చూపుడువేలి మీద నిలబెట్టింది. "మా అంబారీ ఏనుగు బొమ్మకీ ఇంతేనండీ. ఎక్కినోళ్లు వెనక్కి జరిగితే ఏనుగు కూలబడుద్ది. తోక గీకమాకండి. తలలో బరువెయ్యండి."

ముక్కు చెక్కను లోపల తొలిచారు. గాలాలకు కట్టే సీసపు గుళ్లను మక్కులో కలిపి అందులో కూరారు. కమలాకర్ గంటసేపు లెక్కలు కట్టి పదమూడు గుళ్లన్నాడు. ఆవిడ అప్పటికే వేలి మీద తూచి పదమూడు పక్కన పెట్టేసింది. ఆరాక మళ్లీ తిప్పితే ముక్కు బుద్ధిగా ముందు నడిచింది. పెరిగిన బరువుకి, రాకెట్‌ని పైకి నెట్టే మోటారు ఒక సైజు పెద్దది కొన్నాడు.

ఆదివారం మైదానంలో గాలి కొంచెం తగ్గింది. ప్రతి రాకెట్‌కీ ఒక చీటీ రాసివ్వాలి. తయారుచేసినవారి పేరు అన్నచోట కమలాకర్ రెండు వారాల కిందటే తన పేరు ముద్దుగా రాసుకున్నాడు. రాకెట్‌ని ఒకసారి చూశాడు. పేరు కొట్టేసి, ఇంకోటి రాసి ఇచ్చాడు.

కాసేపటికి మైకులో జర్మన్ యాసలో శ్రీమతి అంటూ పేరు వినబడింది. "ఫ్రావ్... జీతారత్నమ్."

సీతారత్నం ఉలిక్కిపడి లేచింది. పర్సులోంచి పాస్‌పోర్టు తీసింది. ఎక్కడ పేరు పిలిచినా ముందు అది చూపించమని కూతురు చెప్పి ఉంచింది మరి. "ఏం తప్పు చేశానండీ? వీసా ఇంకా ఉందిగా," అంది.

"తప్పు కాదండి అత్తయ్యగారూ. ఈ రాకెట్ చేసింది మీరని అందరికీ చెబుతున్నారు."

ఆవిడ ఏదో అనబోయేలోపు రాకెట్ బుస్సుమని లేచింది. ఈసారి పక్కకు తిరగలేదు. గీత గీసినట్టు నేరుగా వెళ్లి, మబ్బు కింద చుక్కంత అయి, నారింజ రంగు పారాచూట్ విప్పుకుని మెల్లగా దిగింది. క్లబ్బు పెద్దాయన దాన్ని తెచ్చి, రెక్క మొదట్లో బొటనవేలు ఆనించి అతుకు కోసం వెతికాడు. దొరకలేదు. ఆవిడకి తల వంచి నమస్కరించాడు.

సీతారత్నం చేతిలో పాస్‌పోర్టు ఇంకా తెరిచే ఉంది.

"నలభై ఏళ్లు బొమ్మలకి రంగులేశానండీ," అంది అల్లుడితో. "అన్నీ కొట్టు పేరు మీదే పోయినయ్యి." పాస్‌పోర్టు మూసి, సిగ్గుపడుతూ అడిగింది. "నా పేరు ఇంకోసారి పిలవమంటారా?"