మాటలు రాసే ఫోను

వెర్నా హ్రైసాక్‌కి తన పాత మడత ఫోనంటే ప్రాణం. స్కూలు బస్సు నడిపినన్నాళ్లూ చేతి తొడుగులు తియ్యకుండానే దాని మీటలు నొక్కింది. ఎవరిమీదైనా కోపమొస్తే టప్పున మూసేది. ఆ చప్పుడులో ఉన్న తృప్తి మరెందులోనూ లేదనేది. అలాంటిది ఆ చలికాలం ఫోను కంపెనీవాళ్లు పాత రకం ఫోన్లకు సిగ్నలు ఆపేస్తున్నామని కబురు పెట్టారు. కొన్నాళ్లు వాళ్లని తిట్టుకుంటూ గడిపింది. చివరికి సిగ్నలు ఆగిపోయాక చేసేదేమీ లేక, మంచు పడుతుండగా యార్క్‌టన్ పట్నం దాకా వెళ్లి, అద్దం పలకలాంటి కొత్త ఫోను ఒకటి తెచ్చుకుంది.

మంగళవారం ఉదయం, మంచుమీద బరువైన రాళ్లు జార్చే కర్లింగ్ ఆట ముగించుకుని, పక్కనే ఉన్న అద్దాల గదిలో కాఫీకి కూర్చున్నప్పుడు దాన్ని బల్లమీద పెట్టింది, చచ్చిన ఎలుకను పెట్టినట్టు. ఇంకేముంది, జట్టువాళ్లందరికీ నోళ్లు లేచాయి.

ఇర్మాకి ఇయర్‌ఫోన్ల కన్నం తీసేసినవాళ్ల మీద కోపం. శుభ్రంగా పనిచేసే ఇయర్‌ఫోన్లు సొరుగునిండా మూలుగుతున్నాయట. పైగా రాత్రి పడుకుని పొద్దున లేచేసరికి ఫోనులో అన్నీ చోటు మారిపోతాయట. "మన వంటింట్లోకి ఎవడో వచ్చి గరిటెలన్నీ సర్దేసి పోయినట్టుంటుంది. నన్నొక్క మాట అడగొద్దూ?" అంది. క్లారెన్స్ ఆమెకి పూర్తిగా విరుద్ధం. కొత్త ఫోను వచ్చిందంటే పాతదాన్ని వదిలించుకోకుండా ఉండలేడు. తన ఫోనులో చంద్రుడి మీది మచ్చలు కూడా కనిపిస్తాయని అప్పటికి ఎన్నోసారో చెప్పాడు. చంద్రుడితో నీకేం పనుందని ఇర్మా అడిగింది.

బల్ల చివర వెర్నా అన్న వెండెల్ కూర్చున్నాడు. ధాన్యపు గిడ్డంగిలో యంత్రాల మధ్య పనిచేసి చేసి చెవులు పోగొట్టుకున్న మనిషి. వినికిడి యంత్రం ఉంది కానీ, ఇలాంటి చోట దానికి కప్పుల చప్పుడూ టీవీలో హాకీ హోరూ తప్ప మాటలు అందవు. అందుకని మొహాలు చూస్తూ కూర్చుంటాడు. అందరూ నవ్వితే, అర క్షణం ఆలస్యంగా తనూ నవ్వుతాడు. ఆ ఆలస్యపు నవ్వు చూసినప్పుడల్లా వెర్నాకి గుండెలో కలుక్కుమనేది.

అక్షరాలు పెద్దవి చేసుకుందామని వెర్నా ఫోను మీద ఎక్కడో నొక్కింది. తెర నల్లబడి, తెల్లటి అక్షరాలు బిలబిలా పరుగెత్తాయి. క్లారెన్స్ చంద్రుడి గురించి చెబుతున్నదంతా మాటకి మాట పడుతోంది.

"చూశారా, ఇది మన మాటలు వింటోంది. వాపసు ఇచ్చేస్తాను," అంది వెర్నా. ఆ మాట కూడా పడింది.

"అది చెవులు వినపడనివాళ్ల కోసం. నా దాంట్లోనూ ఉంది," అన్నాడు క్లారెన్స్.

"నీ దాంట్లోనా? ఎప్పట్నుంచి?"

క్లారెన్స్ వెండెల్ వైపు చూసి, కాఫీ కప్పులోకి తల దించుకున్నాడు. చంద్రుణ్ణి చూశాడు కానీ, పక్క కుర్చీ సంగతి తట్టలేదు అతనికి.

వెర్నా ఫోనుని అన్న ముందుకి జరిపింది. అతను కళ్లజోడు పెట్టుకున్నాడు. ఏదైనా మాట్లాడమంది వెర్నా. వాగుడుకి పేరుపడ్డ ఆ బల్ల దగ్గర ఒక్కరికీ మాట దొరకలేదు. చివరికి ఇర్మాయే పోయిన ఏడాది సంగతి ఎత్తుకుంది. ఆటలో ఎదుటి జట్టు రాయి కాలికి కొట్టుకుని క్లారెన్స్ మంచుమీద వెల్లకిలా పడ్డాడుగా, పాపం వారమంతా కుంటుతూ నడిచాడు, అంది.

వెండెల్ చదివాడు. అందరికంటే ముందు తనే నవ్వాడు. భుజాలు కుదుపుతూ, చిన్నప్పుడు నవ్విన నవ్వు.

"రాయీ లేదు, గీయీ లేదు," అన్నాడు. "ఫోనుతో తన ఫొటో తనే తీసుకుంటూ పడ్డాడు. నేను చూశాను."

క్లారెన్స్ చెవులు ఎర్రబడ్డాయి. "ఇన్నాళ్లూ చెప్పలేదేం, హ్రైసాక్?"

"మీరేం చెప్పుకుంటున్నారో తెలిస్తేగా, అబద్ధమని చెప్పడానికి."

ఇర్మా బల్లమీద తల పెట్టి కడుపు పట్టుకుంది. వెండెల్ తెరని వెనక్కి జరుపుకుంటూ, జరిగిన సంభాషణంతా మొదట్నుంచీ చదివాడు.

"ఎవరీ రైస్‌కేక్?"

"మనమే. మన ఇంటిపేరు దానికి నోరు తిరగలేదు," అంది వెర్నా.

అతను ఇంకాస్త చదివి కళ్లజోడు తీశాడు. "ఇంతసేపూ ఫోన్ల గురించేనా? ఏవో గొప్ప సంగతులు నడుస్తున్నాయనుకున్నాను. ఇన్నేళ్లూ నేను పోగొట్టుకున్నది ఇదన్నమాట."

క్లారెన్స్ కూడా ఈసారి పగలబడి నవ్వాడు. కానీ వెర్నా ఫోను అడిగితే వెండెల్ ఇవ్వలేదు. అరచెయ్యి అడ్డం పెట్టి, ఇర్మాని మాట్లాడుతూనే ఉండమన్నాడు. ఆ సాయంత్రమే క్లారెన్స్ అతన్ని తన బండిలో దుకాణానికి తీసుకెళ్లి, అలాంటి ఫోనే కొనిపించాడు.

ఇప్పుడు మంగళవారాలు వెండెల్‌తో వేగడం కష్టంగానే ఉంది. ప్రతిదానికీ అడ్డు తగులుతాడు. ఇర్మా రాయి జార్చేటప్పుడు మణికట్టు తిప్పుతోందంటాడు, క్లారెన్స్ కథలకి సాక్ష్యాలు అడుగుతాడు. కొత్త ఫోన్ల మీద అతని అభిప్రాయం ఏమిటంటే, రాతలో తప్పులు ఎక్కువ, బ్యాటరీ భోజనాల దాకా ఆగదు. ఎవరైనా దాన్ని లాక్కుంటే మాత్రం చెయ్యి కొరుకుతాడు.

వెర్నా తన ఫోనుని ఇంకా తిడుతూనే ఉంటుంది. కానీ బండిలో ఇళ్లకి తిరిగెళ్లేటప్పుడు, అన్న తన ఫోనుని ఒళ్లో పెట్టుకుంటే, హీటరు హోరు తగ్గించి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా మాట్లాడటం మొదలుపెడుతుంది. అమ్మ బంగాళాదుంప కూరి చేసిన పెరోగీలు, బస్సులో పిల్లల అల్లరి, అతను వినకుండా పోయిన పెళ్లిళ్లూ తగాదాలూ. మొన్న కబురు సగంలో ఉండగా ఇంటి మలుపు వస్తే, బండి తిప్పకుండా నేరుగా పోనిచ్చింది. వెండెల్ తలెత్తి కిటికీలోంచి చూశాడు, మళ్లీ తెరవైపు వంగాడు.