నేలమీది గాలి

సీసాలు కడుగుతూనే పిన్ని పక్కకి ఒరిగిపోయింది. అమ్మకి క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళిన నేను కళ్ళారా చూశాను. ఆ ల్యాబులో ఆడవాళ్ళు నేలమీద గొంతుక్కూర్చుని, ఘాటు మందులతో సీసాలు కడుగుతారు. మేనేజరు వచ్చి గోడమీద గాలి కొలిచే మీటరు చూపించాడు. పచ్చ దీపం వెలుగుతోంది.

"గాలి బంగారంలా ఉంది. ఈవిడ రేపట్నుంచి రానక్కర్లేదు."

"ఆవిరి లాగే ఫ్యాను పెట్టించమని ఎన్నాళ్ళుగా మొత్తుకుంటున్నామయ్యా!" అంది అమ్మ.

"మీటరు చెప్పనీ, పెట్టిస్తా."

సాయంత్రం సీసాలు కడిగేవాళ్ళందరూ మా వసారాలో చేరారు.

"మీటరు మనమే చేసుకుందాం," అన్నాను.

"ఉన్న పనీ ఊడుతుందే పిల్లా!" అంది వాళ్ళలో ఒకావిడ.

"ఊపిరే పోతుంటే పనెవరికే?" అంది పిన్ని, దగ్గుతూ.

అలాంటి మీటరు కొనాలంటే మా వీధంతా అమ్మినా చాలదు. తలా కొంచెం వేసుకున్నాం. ఫోన్లు బాగుచేసే మామయ్య ఆవిరి పసిగట్టే సెన్సరు తెప్పించాడు. పాత ఫోను తెర, టిఫిను డబ్బా దొరికాయి. తీగలకి నేను టంకం పెట్టాను. స్పిరిటు దూది చూపిస్తే తెరమీద అంకె ఎగిరింది.

ల్యాబులో వాళ్ళ మీటరు పక్కనే, తల ఎత్తున తగిలించాం. అంకె కదల్లేదు.

"ఆ డబ్బాలో అన్నం పెట్టుకోండి, కడుపన్నా నిండుతుంది!" మేనేజరు పొట్ట పట్టుకుని నవ్వాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. డబ్బా ఊడదీసి ఒళ్ళో పెట్టుకుని, అమ్మ పక్కన నేలమీద చతికిలబడ్డాను. అంకె పరుగెత్తింది! ఆ ఆవిర్లు గాలికన్నా బరువు, నేలనే పట్టుకుని ఉంటాయి. మీటర్లు రెండూ నిలబడేవాళ్ళ గాలి కొలిచాయి. మా వాళ్ళు పీల్చేది కూర్చునేవాళ్ళ గాలి.

"ఒక్కసారి ఇక్కడ కూర్చుని చూడండయ్యా," అంది అమ్మ.

"నేనా? నేలమీదా?"

"ప్యాంటు నలుగుతుందేమో పాపం!" అంది వెనకనుంచి ఎవరో.

మేనేజరు ఫోను తీసి పోలీసుల్ని పిలిచాడు. అనుమతి లేని మిషను తెచ్చామట. వాళ్ళొచ్చి డబ్బాని పట్టుకుపోయారు. అడ్డుపడినందుకు అమ్మనీ వ్యానెక్కించారు.

"ఫ్యాను తిరిగేదాకా ఎవరూ సీసా ముట్టుకోకండే!" వ్యానులోంచి అరిచింది అమ్మ.

ఎవరూ ముట్టుకోలేదు. మురికి సీసాలతో బల్లలన్నీ నిండాయి. పరీక్షలు ఆగిపోయాయి.

మర్నాడు పక్క ల్యాబు ఆడవాళ్ళు మా వసారా మెట్లెక్కారు.

"మేమూ నేలమీదే కడుగుతామమ్మా. మాకూ ఒకటి కావాలి."

అమ్మ ఇంకా స్టేషన్లోనే ఉంది. మామయ్య టంకం కడ్డీ వేడిపెట్టాడు. వాళ్ళలో ఒకామె కొంగు బిగించి నా పక్కన కూర్చుంది.

"చేసిపెట్టడం కాదు, నేర్పు. ఎన్ని డబ్బాలు పట్టుకుపోతారో చూద్దాం."