ఏడుపు మలుపు దగ్గర లెక్క

ఆ లోయకు ఎండ కూడా పది దాటితేగానీ రాదు. చుట్టూ ఉన్న కొండలు ముప్పావువంతు ఆకాశాన్ని మింగేసి, మిగిలింది లోయవాళ్లకు వదిలాయి. ఆ జానెడు ఆకాశానికే వాళ్లకు ఎక్కడలేని గర్వం. అక్కడికి వెళ్లే బస్సు రోజుకొక్కటే. పంతొమ్మిదేళ్లుగా దాన్ని నడుపుతున్న డ్రైవరు ఆ లోయ పిల్లనే చేసుకున్నాడు కాబట్టి, ఊరందరికీ అల్లుడే.

లోయలోంచి బయటికొచ్చే దారిలో నిట్టనిలువు ఎక్కుడు ఒకటుంది. పాత బస్సు అక్కడికొచ్చేసరికి శోకాలు పెట్టేది. అందుకే అది ఏడుపు మలుపు. జనం దిగి అడ్డదారిన నడిచి, పైన మళ్లీ ఎక్కేవాళ్లు. కొత్త బస్సొచ్చి మూడేళ్లయింది, నిండా జనంతో ఎక్కేస్తుంది. అయినా "నోరులేని బండి, పాపం" అంటూ దిగుతూనే ఉన్నారు. డ్రైవరు చెప్పీ చెప్పీ ఊరుకున్నాడు.

ఆ రోజు ఎక్కుడు పైన బస్సు డిపో ఇన్‌స్పెక్టరు జీపులో వచ్చి కూర్చున్నాడు. బస్సులోవాళ్లను దింపి లెక్కపెడతాడు, ఇరవై మందైనా లేకపోతే రూటు రద్దు. ఆ మాట చెబితే లోయంతా గుండెలు బాదుకుంటుందని డ్రైవరు దాచాడు. "ఇవాళ పైన ఆఫీసరున్నాడు, ఎవరూ దిగొద్దు" అని మాత్రం అన్నాడు.

అదే కొంప ముంచింది. బస్సు పొగ వాసన కమ్మగా ఉంటుందని అన్నందుకు డీజిలత్త అని పేరుపడ్డ ముసలావిడ లేచి నిలబడింది.

"ఆఫీసరు ముందు బండి ఆగితే అల్లుడి ఉద్యోగం ఊడుతుంది. దిగండర్రా!"

మోకాళ్ల నొప్పులతో ఎన్నడూ దిగని పంతులు కూడా దిగాడు. డ్రైవరు అసలు సంగతి చెప్పేలోపే అందరూ అడ్డదారి పట్టారు.

పైన ఇన్‌స్పెక్టరు బస్సులోకి తొంగిచూసి సున్నా రాశాడు. "ఈగ కూడా లేదు కదయ్యా!"

"నడిచొస్తున్నారు సార్. పది నిమిషాలు ఆగండి." డ్రైవరు బతిమాలాడు. ఈ బస్సు పోతే పంతులు మాత్రల కోసం పన్నెండు మైళ్లు నడవాలి. ఆ మోకాళ్లతో.

ఇంతలో రొప్పుతూ, బుట్టలు మోసుకుంటూ అందరూ వచ్చారు. డీజిలత్త నేరుగా ఇన్‌స్పెక్టరు దగ్గరికే వెళ్లింది. "బండి చక్కగా ఎక్కిందా బాబూ? ఎక్కడన్నా ఆగుంటే తప్పు మా బరువుది. మా అల్లుడిది కాదు."

"బండిని చూడ్డానికి రాలేదమ్మా. ఎంతమంది దిగుతారో రాయడానికొచ్చాను. ఇరవై మందైనా లేకపోతే బస్సు తీసేస్తారు."

అత్త ముఖం పాలిపోయింది. "దిగేవాళ్లనే రాస్తావా?"

"అంతే."

"అయితే ఎక్కండర్రా!"

వెనక తలుపున ఎక్కారు, ముందు తలుపున ఒక్కొక్కరే దిగారు. ఇన్‌స్పెక్టరు మొదట నవ్వాడు. పంతులు కడ్డీ పట్టుకుని, పళ్లు బిగబట్టి మెట్టు దిగుతుంటే నవ్వు ఆపేసి లెక్కపెట్టాడు. చివరగా మిగిలిన డీజిలత్త మెట్టుమీదే నిలబడిపోయింది.

"నేను దిగాలంటే ముందు ఆ సున్నా కొట్టెయ్యి."

అతను కొట్టేసి ముప్ఫై అని రాసి, చెయ్యి అందించాడు.

"ముప్ఫై ఒకటి" అని దిద్దింది అత్త, నేలమీద కాలు పెడుతూ. డ్రైవరు స్టీరింగు మీద తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.