దాటనివ్వడం

"ఇంకా ఎంతసేపు రేలీన్, లారీలన్నీ మనకంటే ముందే పోయేట్టున్నాయి," అని నెవిల్ డ్రైవరు సీట్లోంచి అరిచేసరికి ఆమె క్యారవాన్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కడిగి తెచ్చిన మరుగుదొడ్డి పెట్టెను దాని గూట్లోకి నెడుతూ ఉంది. ఆ పెట్టె పని ఆమెదని ఎవరూ నిర్ణయించలేదు. ఇద్దరూ రిటైరై, ఇల్లు అద్దెకిచ్చి, కారు వెనక ఇల్లులాంటి ఈ బండి తగిలించుకుని దేశం చుట్టడానికి బయల్దేరిన మొదటి వారంలో నెవిల్‌కి నడుం పట్టేసింది. ఒకసారి ఆమె చేసింది. అంతే, అది ఆమెదైపోయింది. నీళ్ళ గొట్టం చుట్టడం, గ్యాస్ కట్టెయ్యడం, అల్మారా తలుపులు బిగించడం, దారిలోకి శాండ్‌విచ్‌లు చుట్టడం కూడా అలాగే ఆమె చేతికి వచ్చి చేరాయి. నెవిల్ పని నడపడం. "ఈవిడ మహారాణి. కూర్చుని కిటికీలోంచి చూడ్డమే," అంటాడు క్యాంపుల్లో కలిసినవాళ్ళతో, ఆమె అందరికీ టీ పోస్తూ ఉండగానే.

ఆలిస్ స్ప్రింగ్స్ దాటాక రోడ్డు గీత గీసినట్టు ఉత్తరానికి పోతుంది. ఆ తిన్నని దారిలోనే ఆమెకి ఎక్కడలేని కుదురులేనితనం వచ్చేది. కుడికాలు దానంతటదే కింద చాపని నొక్కుతూ ఉండేది, అక్కడేదో బ్రేకు ఉన్నట్టు. నెవిల్ అది చూసి నవ్వేవాడు. "నీకు పిరికితనం పుట్టుకతోనే వచ్చింది." పెళ్ళయిన కొత్తల నుంచి రిటైరయ్యేదాకా ఆమె తమ ఊరి స్కూలు బస్సు నడిపింది. వానలో, పొగమంచులో, అడ్డం వచ్చే కంగారూల మధ్య ఊళ్ళో పిల్లలందర్నీ ఇళ్ళకి చేర్చింది. కానీ ఆదివారం కార్లో ఆమె చోటు ఎడమవైపు సీటే. "బస్సు నడుపుతావు, సరే. మా వాడు పక్కనున్నప్పుడు మాత్రం స్టీరింగ్ అడక్కమ్మా, పదిమందీ చూస్తారు," అనేది అత్తగారు చాలా ప్రేమగా. ఆ ప్రేమకి ఎదురు చెప్పడం ఎలాగో రేలీన్‌కి ఎప్పటికీ తెలియలేదు. ఒకటికి రెండుసార్లు అడిగి, ఇక అడగడం మానేసింది. అడగడం మానేస్తే అక్కర్లేదనుకుంటారని ఆమెకి చాలా ఆలస్యంగా అర్థమైంది.

మధ్యాహ్నం కావస్తుండగా కార్లో బళ్ళవాళ్ళు మాట్లాడుకునే రేడియో గరగరలాడింది. క్యారవాన్ వెనక తమ రేడియో ఛానల్ నంబరు రాసుకోవడం ఆ దారిలో అందరికీ అలవాటు. దాటదలచుకున్న లారీవాళ్ళు ముందు పిలిచి చెబుతారు.

"తెల్ల క్యారవాన్ వాళ్ళూ, వినపడుతోందా? వెనక మూడు ట్రైలర్ల బండితో నేనున్నా. ముందు ఖాళీగా ఉంది, దాటేస్తా. మీ స్పీడు మీరు అలాగే ఉంచండి, చాలు."

ఆడగొంతు. హుషారుగా, పని మీద ఉన్న గొంతు. నెవిల్ కనుబొమలు పైకి లేచాయి. మైకు అందుకుని "రావమ్మా రా," అన్నాడు. మైకు పెట్టేసి, "ఈ ఆడలారీ ఎంత దాటుతుందో చూద్దాం," అన్నాడు.

వాళ్ళు ఎనభై ఐదులో పోతున్నారు. పక్కకి వచ్చిన లారీ వందలో ఉంది. అంతకు మించి ఆ బళ్ళకి చట్టం ఒప్పుకోదు. మొదటి ట్రైలరు నెవిల్ వైపు కిటికీ దాటింది, రెండోది మొదలైంది. అప్పుడు ఇంజను చప్పుడు మారింది. ఆమె స్పీడు ముల్లు వైపు చూసింది. తొంభై. తొంభై ఐదు.

"నెవిల్, స్పీడు పెంచుతున్నావు."

"రోడ్డు పల్లంలో ఉంది."

రోడ్డు పల్లంలో లేదు. ముల్లు వంద దగ్గర ఆగింది. ఇక రెండు బళ్ళూ ఒకదాన్నొకటి కట్టేసుకున్నట్టు సమానంగా పోతున్నాయి. లారీ ముందుకి రాలేదు, అంత పొడుగు బండి వెనక్కీ తగ్గలేదు. దూరంగా, ఎండలో నీళ్ళలా మెరుస్తున్న చోటి నుంచి ఒక కారు ఎదురుగా వస్తోంది.

"అన్నా, కాస్త తగ్గించు, కారు వస్తోంది," అంది రేడియోలో గొంతు. ఇప్పుడు అందులో హుషారు లేదు.

"కాలు తియ్యి నెవిల్."

"నువ్వు నోరు మూస్తే తీస్తా."

క్యారవాన్ చక్రాలకి మాత్రమే బ్రేకు పడే చిన్న మీట ఒకటి డ్యాష్‌బోర్డు మధ్యలో ఉంటుంది. వెనకబండి ఊగితే మెల్లగా నొక్కాలని దాన్ని బిగించిన మెకానిక్ ఇద్దరికీ చూపించబోతే నెవిల్ ఫోన్‌లో ఉన్నాడు. రేలీన్ చెయ్యి చాపి దాన్ని నొక్కింది. మెల్లగా, అదాటుగా కాకుండా. వెనక నుంచి ఎవరో పట్టి లాగినట్టు బండి నెమ్మదించింది. లారీ మూడో ట్రైలరు తోక వాళ్ళ ముందుకి వచ్చి పడింది. ఎదుటి కారు ఎర్రమట్టిలోకి దిగి, దుమ్ము లేపుకుంటూ పక్కనుంచి పోయింది. అందులో వెనక సీట్లో ఎవరివో రెండు చిన్న తలలు కనిపించాయి.

"ఎవరు ముట్టుకోమన్నారు దాన్ని?" అన్నాడు నెవిల్. ఆమె మళ్ళీ స్పీడు ముల్లు చూసింది.

పెట్రోలు కోసం ఆగిన బంకు పక్క హోటలు దగ్గర ఆ లారీ ఉంది. లోపల నాలుగు బల్లల దగ్గర జనం. నెవిల్ తాళాలు బల్ల మీద పడేసి, మాంసం కూరి కాల్చిన పైలు తెప్పించుకున్నాడు. నలభై ఏళ్ళ ఆడమనిషి, నారింజరంగు చొక్కా, వాళ్ళ దగ్గరికి వచ్చి నిలబడింది.

"నేను మార్నీని, ఆ లారీ నడిపింది నేనే. ఆ తెల్ల క్యారవాన్ మీదే కదా. ఎవరు నడిపారు?"

నెవిల్ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. సాసు సీసా కిందపెట్టి, చేత్తో రేలీన్‌ని చూపించాడు. "మా ఆవిడ. నేను రేడియో చూసుకుంటున్నా. కంగారుపడిపోయింది పాపం. ఆడవాళ్ళ సంగతి నీకు నేను చెప్పాలా."

పక్కబల్ల దగ్గర ఎవరో నవ్వారు. మార్నీ నవ్వలేదు. కోప్పడనూ లేదు. రేలీన్ వైపు వంగి, "పక్కన లారీ కనపడితే కాలు దానంతటదే నొక్కేస్తుందమ్మా. కొత్తలో చాలామందికి అంతే. కానీ దాటే బండిని చూసి పెంచకూడదు, చట్టం కూడా అదే. నేను అక్కడ ఇరుక్కుపోయాను," అంది.

తిట్టినా బాగుండేది. ఆ దయ తనది కాని తప్పుకి దొరికిన దయ, నెవిల్‌కి అందాల్సినది, తన చేతికొచ్చింది. రేలీన్ అతని తప్పులు ఇలా ఎన్ని మోసింది. అతను మర్చిపోయిన పుట్టినరోజులకి "నేనే గుర్తు చెయ్యలేదు" అంది. అతను ఆఫీసులో ఎవరితోనో గొడవపడి వస్తే "ఆయనకి ఒంట్లో బాలేదు" అని తనే ఫోన్ చేసింది. అవన్నీ చిన్నవి, మోస్తే ఎవరూ చచ్చిపోరు. కానీ ఆ కారు వెనక సీట్లో రెండు తలలున్నాయి. ఆమె తల ఊపితే చాలు, ఈ మధ్యాహ్నం గడిచిపోతుంది. నెవిల్ ఆ తల ఊపడం కోసమే చూస్తున్నాడు. చూస్తున్నాడని కూడా కాదు, అది వచ్చేసిందనుకుని ప్లేట్లో పైని కోసుకుంటున్నాడు.

"నడిపింది నేను కాదు," అంది రేలీన్. "ఆయన. నువ్వు దాటుతుంటే కావాలనే పెంచాడు. నేను చూశాను."

పక్కబల్ల దగ్గర నవ్విన మనిషి ఇటు తిరిగాడు.

"పిచ్చి పట్టిందా, అందరి ముందూ..." అన్నాడు నెవిల్ గొంతు తగ్గించి.

"నువ్వన్నదీ అందరి ముందే."

మార్నీ ఇద్దర్నీ చూసింది. రేలీన్‌కి తల ఊపి, కాఫీ పట్టుకుని లారీ వైపు వెళ్ళిపోయింది. రేలీన్ బల్ల మీది తాళాలు తీసుకుంది. అవి అనుకున్నదానికంటే బరువుగా ఉన్నాయి. బయట ఎండలో కుడివైపు తలుపు తెరిచి, సీటు ముందుకి జరిపి, అద్దాలు తన ఎత్తుకి సర్దుకుంది. నెవిల్ నోట్లో ముద్ద మింగకుండానే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"దిగు రేలీన్. నవ్వుతున్నారు."

"నేను ఎనభై ఐదులోనే పోతాను," అంది ఆమె బెల్టు పెట్టుకుంటూ. "వెనకొచ్చేవాళ్ళని దాటనిస్తాను. నీకు సరేననిపిస్తే అటు తిరిగి వచ్చి పక్కన కూర్చో."