ప్రార్థనకు డబ్బింగ్

ఇరవై రెండేళ్లపాటు తెరమీద మంజులత ఏడిస్తే ఆ ఏడుపు దేవమ్మది. నవ్వితే ఆ నవ్వూ దేవమ్మదే. మంజులత అసలు గొంతు బొంగురు. అది బయటపడకుండా ఆవిడ ప్రతి సభలోనూ గొంతు నొప్పి అని చెప్పి, దండం పెట్టి కూర్చునేది. అన్నేళ్లు తగ్గని గొంతు నొప్పిని చూసి అభిమానులు జాలిపడి మిరియాలు, తేనె పంపేవారు.

దేవమ్మది బోరబండ. ఇంటి దగ్గర "ఏందిరా గిట్ల జేసినవ్" అనే మనిషి, ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ గది తలుపు పడగానే జమీందారు బిడ్డలా "నన్ను మన్నించండి నాన్నగారూ" అనేది. తెరమీద ఆమె పేరు ఎప్పుడూ పడలేదు. ఆ కడుపుమంట ఆరేళ్ల క్రితం ఒక డబ్బింగ్ కళాకారుల వేడుకలో బయటికొచ్చింది. దేవమ్మ వేదికెక్కి, మంజులత తన సొంత గొంతుతో ప్రేమ సన్నివేశం చేస్తే ఎలా ఉంటుందో పలికి చూపించింది. జనం కుర్చీల్లోంచి జారిపడి నవ్వారు. ఎవరో ఫోన్‌లో తీశారు. వారం తిరక్కముందే ఆ వీడియో జూబ్లీహిల్స్‌లో ప్రతి ఇంట్లోనూ చూశారు. మంజులత ఒక్క మాట అనలేదు. అనాలంటే ఆ గొంతుతోనే అనాలి మరి. దేవమ్మను మాన్పించనూ లేదు. లోకానికి మంజులత గొంతంటే అదే కదా.

మంజులత పుట్టుకతో క్రైస్తవురాలు. సినిమాలున్నంతకాలం ఆ సంగతి ఆవిడకూ దేవుడికీ మధ్య గోప్యంగా ఉండేది. తల్లి వేషాలు కూడా పల్చబడ్డాక బయటపడింది. జయశీల్ అనే పాస్టరు ఆవిడకు వాక్యధ్యానం నేర్పాడు. లేఖనాన్ని నెమ్మదిగా చదవాలి, మనసుకు తగిలిన మాట దగ్గర ఆగాలి, ఆ మాటతోనే ప్రార్థించాలి, ఆ తర్వాత మౌనంగా దేవుడి ఎదుట కూర్చోవాలి. చక్కటి పద్ధతి. దాన్ని చక్కగా ఉండనివ్వడం జయశీల్ వల్ల కాలేదు. ఆవిడ ఇంటి అవార్డుల గదిలో అవార్డులు తీసి కొవ్వొత్తులు పెట్టించి, ప్రతి గురువారం యూట్యూబ్ కోసం చిత్రీకరించేవాడు. మౌనానికి తొమ్మిది సెకన్లు ఇచ్చాడు. అంతకు మించితే చూసేవాళ్లు వేరే వీడియోకి పోతారట. ఆ తొమ్మిదింటిలోనూ వేణువు పెట్టించాడు.

చదివేది మంజులత, వినిపించేది దేవమ్మ. ప్రార్థన కూడా అంతే. జయశీల్ రాసేవాడు, మంజులత కళ్లు మూసుకుని పెదవులు కదిపేది, రెండు రోజుల తర్వాత ఫిల్మ్‌నగర్‌లో దేవమ్మ ఆ పెదవులకు తగ్గట్టు దేవుణ్ణి వేడుకునేది.

దేవమ్మ కూడా బాప్తిస్మం తీసుకున్న మనిషే. కాకపోతే ఏటా క్రిస్మస్‌కు మాత్రమే చర్చిలో కనబడేది. ఆమెకు సువార్తైనా సీరియలైనా ఒక్కటే, చేతికిచ్చిన కాగితం.

ఒక శనివారం వచ్చిన కాగితంలో ప్రభువు కొండమీద చెప్పిన సంగతి ఉంది. బలిపీఠం దగ్గరికి కానుక తెచ్చినవాడికి, తన మీద తోటివాడికి ఏదో మనస్తాపం ఉందని అక్కడ గుర్తొస్తే, కానుక అక్కడే వదిలేసి ముందు వెళ్లి సమాధానపడాలి. నాలుగు ముక్కలు. కానీ మంజులత ఆ రోజు పెదవులు ఇష్టమొచ్చినట్టు కదిపింది. ఎన్నిసార్లు చెప్పినా అతకలేదు.

"అక్కా, ఇంకొక్కసారి. జర నిదానంగ," అన్నాడు సౌండు చూసే నర్సింహ.

ఆరోసారి దేవమ్మకు విసుగొచ్చింది. ఎనిమిదోసారి ఆ మాటలు మొదటిసారిగా చెవిన పడ్డాయి. పదకొండోసారి "తన మీద" అన్నచోట ఆగింది. తనకు మంజులత మీద ఉన్న కోపం సంగతి ప్రభువు ఎత్తనే లేదు. మంజులతకు తన మీద ఉన్నది అడుగుతున్నాడు.

"ఏమైందక్కా?"

"ఏం లే. నువ్వు చాయ్ తాగిరా పో."

ఆ గదిలోకి బయటి శబ్దం రాదు. దేవమ్మ హెడ్‌ఫోన్లు తీసి కూర్చుంది. నవ్వుతున్న జనమూ, ఆ రోజు తనకు కలిగిన సంబరమూ గుర్తొచ్చాయి. తనను ఎవరో చూస్తున్నారనిపించింది. కోపంగా కాదు, ఎంతోకాలంగా ఎరిగున్నవాళ్లు చూసినట్టు. "గిదేంది ప్రభువా," అంది పైకే, "ఆమె నా గొంతు దొబ్బుకపోయి బంగ్లా కట్టింది. మాఫీ నేనడగాల్నా?" కాగితంలో ఉన్నదే ఉంది. తొమ్మిది సెకన్లు ఎప్పుడో దాటిపోయాయి.

సాయంత్రం దేవమ్మ జూబ్లీహిల్స్ కొండెక్కి మంజులత ఇంటికి వెళ్లింది.

"అమ్మా, ఆరేండ్ల కింద స్టేజి మీద మీ నకలు చేసిన. తప్పయింది. మాఫ్ చేయుండ్రి."

మంజులత చాలాసేపు గోళ్ల రంగు చూసుకుంది. "ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో తెలుసా?" అంది బొంగురుగా. తర్వాత సర్దుకుని కూర్చుంది. "సరేలే, క్షమించాను. క్రైస్తవులం కదా. వచ్చే గురువారం ప్రార్థన కన్నీళ్లతో కావాలన్నారు పాస్టరుగారు, కాస్త చూసుకో."

ఇరవై రెండేళ్ల గురించి ఆవిడ కూడా ఏదో అంటుందని దేవమ్మ ఎదురుచూసింది. అనలేదు. అడిగిన క్షమాపణ అక్కడికక్కడే వెనక్కి తీసేసుకుందామనిపించేంత కోపం వచ్చింది. గుమ్మం దాకా వెళ్లి తిరిగింది.

"చదువుడు చదువుత. ప్రార్థన మాత్రం మీరే చేయుండ్రి అమ్మా. దేవునికి మన ఇద్దరి గొంతులు ఎర్కే."

గురువారం వేరే దారిలేక మంజులతకు మైకు పెట్టారు. కొవ్వొత్తులు వెలిగాయి. జయశీల్ రాసిచ్చిన కాగితం ఒళ్లో ఉంది. "ప్రభువా," అందావిడ. ఆ గొంతు విని కెమెరామన్ తలెత్తి చూశాడు. మంజులత కాగితం వైపు చూడలేదు. "ప్రభువా, నా గొంతంటే నాకే సిగ్గు. ఇన్నేళ్లూ ఇంకోమనిషి..."

"కట్!" అన్నాడు జయశీల్. "మేడమ్, అది స్క్రిప్టులో లేదండీ. ఆత్మీయమైన మూడ్ పోతుంది."

పై వారం షేక్‌పేట నుంచి ఒక కొత్త అమ్మాయిని తెచ్చారు. గొంతు దేవమ్మదానికి దగ్గరగా ఉంది, కన్నీళ్లు అడిగినన్ని పెడుతుంది. దేవమ్మకు ఆ పని పోయింది. వీడియోలు చూసేవాళ్లు పెరిగారు. జయశీల్ దాన్ని దేవుడి ఆశీర్వాదమని చెప్పాడు.

దేవమ్మ పొద్దున్నే వంటకు ముందు బైబిలు చదవడం మొదలుపెట్టింది. ఒక్కో వాక్యం మళ్లీ మళ్లీ, రికార్డింగ్‌లో చదివినట్టే. దానివల్ల ఆమె దేవత అయిపోలేదు. మంజులతను ఇక వెక్కిరించనని ప్రభువుకు మాటిచ్చి, తొమ్మిదో రోజే కూరగాయల బండి దగ్గర వెక్కిరించింది. మర్నాడు చదువుతూ సిగ్గుపడింది. ఎనిమిదేళ్లుగా మాటల్లేని ఆడబిడ్డ బాలమణి ఇంటికి వెళ్లి, గొడవపడి, మళ్లీ వెళ్లింది. రెండోసారి అన్నం తిని వచ్చింది.

రెండు నెలలకు ఒక మధ్యాహ్నం మంజులత ఫోన్ చేసింది.

"దేవమ్మా, పనేం లేదు. ఆ రోజు వాళ్లు కట్ చెప్పాక, నేను ఇంకా ఏదో అనాలనుకున్నాను. ఏమిటో గుర్తురావట్లేదు. ఎలా చదవాలి ఆ వాక్యాన్ని?"

"కెమెరా ఉన్నదా?"

"లేదు."

"అయితే చదువుండ్రి. నిదానంగ. నేను ఇంటున్న."

మంజులత కొండమీది ఆ మాటలే చదవసాగింది. గొంతు గీరుకుంటూ, ఆగుతూ, కూడబలుక్కుంటూ. దేవమ్మ ఎంతో ఓపిక పట్టింది. కానీ ఆవిడ "బలిపీటం" అనేసరికి ఆపుకోలేకపోయింది.

"పీఠం అమ్మా. ఒత్తు పలకాలె."

"నోరు ముయ్యవే," అంది మంజులత. అని మళ్లీ మొదటినుంచి చదివింది.